కారు పోతుంది, హీరో వెతుకుతాడు… ఆ పాత సినిమా పేరేంటి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా చుట్టాల్లో పాత సినిమాల పేర్లు వెతికిపెట్టేవాడిగా నాకో పేరు పడిపోయింది. పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్నవాళ్లు కూడా పప్పు కలుపుకుంటూ "చిన్నప్పుడు ఒక బొమ్మ చూశాను, అందులో కారు కొట్టేస్తారు…" అని మొదలుపెడతారు. అడిగేవాళ్లు మారుతుంటారు గానీ డౌట్లు మాత్రం అవే. ప్రతిసారీ మొదటినుంచి చెప్పలేక ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## వెతకడం మొదలుపెట్టే ముందు

కారు దొంగతనం తప్ప ఇంకేమీ గుర్తులేదు. ఇంత చిన్న ముక్కతో సినిమా దొరుకుతుందా?

చాలాసార్లు దొరుకుతుంది. కాకపోతే కథని కాసేపు పక్కన పెట్టాలి. కథని తలుచుకున్న కొద్దీ తెలియకుండానే దానికి మెరుగులు దిద్దేస్తాం. ఇరవై ఏళ్లు గడిచేసరికి అది సగం మన సొంత కథ అయిపోతుంది. సినిమా ఎలా చూశామన్నది అంతగా మారదు. హాల్లో చూశారా, దూరదర్శన్‌లోనా, అద్దెకు తెచ్చిన వీసీఆర్‌లోనా? పక్కన ఎవరున్నారు? అప్పుడు మీరు ఏ క్లాసు? మధ్యలో కరెంటు పోయిందా? వీటికి జవాబు చెప్పగలిగితే ఏ కాలం, ఏ భాష, ఏ దేశం అన్నది చాలావరకు తేలిపోతుంది. "కారు పోయింది" అన్న ముక్క ఒక్కదానితో వెతికితే వందల సినిమాలు వస్తాయి.

గుర్తున్నదంతా ఒక కాగితం మీద రాయమంటున్నారు. ఎలా రాయాలి?

ఇంకా ఏమీ వెతకకముందే రాయండి. ఒక్క ట్రైలర్ చూశారంటే చాలు, అందులోని కారు మీ జ్ఞాపకంలోకి వచ్చి కూర్చుంటుంది. ఇక దాన్ని బయటికి లాగలేరు. ప్రతి విషయం పక్కన "ఖాయం", "అనుమానం", "ఎవరో చెప్పగా విన్నది" అని మూడింట్లో ఒకటి వేయండి. మా అత్తయ్య ఇలా రాస్తే పదకొండింటికి ఏడు "ఎవరో చెప్పగా విన్నది"లోకి వెళ్లాయి. సినిమా చూసింది ఆవిడ, సీన్లు మాత్రం మామయ్యవి. డైలాగు గుర్తుంటే ఉన్నదున్నట్టు రాయండి, బాగుచేయకండి.

మా అన్నయ్యకి ఒకలా, నాకు ఒకలా గుర్తుంది. ఎవరిది నమ్మాలి?

ఇద్దరూ ఎదురుగా కూర్చుని మాట్లాడుకోకముందే విడివిడిగా రాయండి. రెండు కాగితాల్లోనూ ఉన్నది నమ్మండి. మాట్లాడుకున్న తర్వాత కుదిరిన ఏకాభిప్రాయానికి విలువ లేదు. ఇద్దరిలో గొంతు పెద్దదున్నవాళ్ల జ్ఞాపకమే చివరికి మిగులుతుంది.

నాకు గుర్తున్నది ఒక సినిమా కాదేమో, రెండు కలిసిపోయాయేమో అనిపిస్తోంది. అలా అవుతుందా?

అవుతుంది, అదీ మనం అనుకునేదానికంటే ఎక్కువగా. మా బాబాయి సంగతి చెప్తాను. ఆయన చెప్పే కథ ఇదీ: అమెరికాలో ఒక స్కూలు కుర్రాడు ఎర్ర కారు తయారుచేస్తాడు. దాన్ని ఎవరో కొట్టేస్తారు. అతను లైట్ల ఊరికి వెళ్తాడు, వ్యానులో తిరిగే అమ్మాయి తోడవుతుంది. ఆఖర్న కార్లు ఒకదాన్నొకటి గుద్దుకునే మైదానంలో ఆ కారు నుజ్జునుజ్జవుతుంది. హీరో ఎవరంటే "ఆ కత్తి సినిమాలో వాడే, లైటు కత్తి" అనేవాడు.

చివరికి లైటు కత్తితోనే పని సులువైంది. 'స్టార్ వార్స్' హీరో మార్క్ హామిల్ ఆ మరుసటి ఏడాది, అంటే 1978లో, 'కార్వెట్ సమ్మర్'లో చేశాడు. తుక్కు యార్డు నుంచి తెచ్చిన కార్వెట్‌ని స్కూలు వర్క్‌షాపులో ముస్తాబు చేయడం, అది పోవడం, లాస్ వేగస్, వ్యాను అమ్మాయి, అన్నీ సరిపోయాయి. ఆఖరి మైదానం మాత్రం అందులో లేదు. అది 1977లో రాన్ హోవార్డ్ తీసి నటించిన 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో'లోది. అందులో పెళ్లి చేసుకోవడానికి పారిపోతున్న జంట అమ్మాయి వాళ్లింటి రోల్స్ రాయిస్ ఎత్తుకుని లాస్ వేగస్ బయలుదేరతారు. చివరికి కార్లు గుద్దుకునే పోటీలో ఆ కారు తుక్కవుతుంది. రెండింట్లోనూ ఊరు ఒకటే, ఏడాది తేడా, హీరోలు ఇద్దరూ కుర్రాళ్లు. ఆ రోజుల్లో వీసీఆర్ అద్దెకు తెస్తే తెల్లవార్లూ మూడు నాలుగు సినిమాలు లాగించేవాళ్లు కదా, బహుశా ఒకే రాత్రి రెండూ చూసుంటాడు.

మీకూ ఒక సీను ఎంతకీ అతకడం లేదంటే దాన్ని విడిగా తీసి మరో సినిమాగా వెతకండి.

## ఏ కాలం, ఏ భాష?

బ్లాక్ అండ్ వైట్‌లో చూసినట్టు గుర్తు. అంటే 60లలోని సినిమానేనా?

ముందు మీ టీవీ ఏదో చెప్పండి. మన దేశంలో కలర్ ప్రసారాలు మొదలైందే 1982లో. ఆ తర్వాత కూడా చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి నలుపు తెలుపు టీవీలే ఉన్నాయి. వాటిలో రంగుల సినిమా చూసినా జ్ఞాపకంలో నలుపు తెలుపే మిగులుతుంది. హాల్లో చూసి ఉంటే మాత్రం మీ గుర్తుకి విలువ ఉంది. తెలుగులో పూర్తి రంగుల్లో వచ్చిన మొదటి సినిమా 'లవకుశ', 1963లో. ఆ తర్వాత కూడా 70ల మొదటి సంవత్సరాల దాకా నలుపు తెలుపు సినిమాలు విరివిగా వచ్చాయి. సినిమా అంతా నలుపు తెలుపులో ఉండి ఒకటి రెండు పాటలు మాత్రం రంగుల్లో ఉన్నట్టు గుర్తుంటే అది మంచి ఆనవాలు. అలాంటి పాక్షిక వర్ణ చిత్రాలు ఆ రోజుల్లోనే వచ్చాయి.

టీవీలో చూశాను, ఏ ఛానెలో గుర్తులేదు. ఎలా?

ఏ రోజు, ఏ వేళ అన్నది గుర్తు చేసుకోండి. శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ చూశారంటే హైదరాబాద్ దూరదర్శన్ తెలుగు సినిమా అయ్యుంటుంది. ఆదివారం సాయంత్రమైతే హిందీ. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, కింద ఇంగ్లీషు అక్షరాలతో, అర్థంకాని భాషలో నెమ్మదిగా నడిచిందంటే అది బెంగాలీనో మలయాళమో, అవార్డు సినిమా. ఈటీవీ, జెమిని రెండూ 1995లో వచ్చాయి, కాబట్టి వాటిలో చూసుంటే అంతకు ముందటి రోజులు కాదు.

ఇంకొక ఆనవాలు చాలామంది మరిచిపోతారు. 90లలో పగలంతా కార్టూన్లు వచ్చిన ఛానెలే రాత్రయ్యేసరికి టీఎన్‌టీగా మారి పాత ఇంగ్లీషు సినిమాలు వేసేది. "కార్టూన్లు అయిపోయాక రిమోట్ తీసుకోకముందే మొదలైంది" అని ఎవరైనా అంటే నేను ముందు ఎంజీఎం సంస్థ పాత సినిమాలు చూస్తాను. ఆ సంస్థ 1986కి ముందు తీసినవాటి హక్కులు టీఎన్‌టీ యజమాని టర్నర్ చేతిలోనే ఉండేవి.

1985లో హాల్లో చూశాను. ఆ ఏడాది సినిమాలన్నీ తిరగేశాను, లేదు. ఎందుకు?

మీరు చూసిన ఏడాది, విడుదలైన ఏడాది ఒకటే కానక్కర్లేదు. మన చిన్న ఊళ్లకి ప్రింటు వచ్చేసరికే ఆలస్యమయ్యేది. టూరింగ్ టాకీసులో అయితే అంతకంటే పాతవి పడేవి. ఇంగ్లీషు సినిమాలు మార్నింగ్ షోలకి ఎన్నేళ్లయినా తిరుగుతూనే ఉండేవి. 1985లో చూశారంటే పదిహేనేళ్లు వెనక్కి వెళ్లండి. ముందుకి మాత్రం ఒక్క రోజు కూడా వెళ్లక్కర్లేదు.

సినిమా మొదట్లో పడే సెన్సార్ సర్టిఫికెట్ మీద "యూఏ" చూసినట్టు గుర్తుంటే ఆ సర్టిఫికెట్ 1983కి ముందుది కాదు. అంతకు ముందు యూ, ఏ మాత్రమే ఉండేవి.

తెలుగులోనే మాట్లాడారు, కానీ మొహాలు మనవాళ్లవి కాదు. ఇదేం సినిమా?

డబ్బింగ్ బొమ్మ. పాటల్లో మాటలు పెదాలకి అతికీ అతకనట్టు ఉన్నాయా, గోడల మీద, దుకాణాల బోర్డుల మీద తమిళ అక్షరాలు కనిపించాయా ఆలోచించండి. అప్పుడు తెలుగు పేరు కోసం కష్టపడకుండా తమిళ మాతృక వెతకడం సులువు. డబ్బింగ్ పేరు జాబితాల్లో లేకపోయినా అసలు సినిమా వివరాలు ఉంటాయి.

## కారు గురించి

కారు అంబాసిడర్ అని మాత్రం ఖాయం. సరిపోతుందా?

పాపం, ఏమాత్రం సరిపోదు. అంబాసిడర్ 1950ల చివర మొదలై 2014 దాకా తయారైంది, ఆకారం పెద్దగా మారనేలేదు. మన సినిమాల్లో పోలీసుది అదే, ఎమ్మెల్యేది అదే, కిడ్నాపర్‌ది అదే.

అందుకే ఫ్రేములో అన్నిటికంటే కొత్త బండి ఏదో చూడాలి. రోడ్డు మీద దూరంగా ఒక్క మారుతి 800 పోయినా సినిమా 1983 డిసెంబరుకి ముందుది కాదు, ఆ కారు వచ్చిందే అప్పుడు. పద్మిని పేరు 1974 నుంచి. అంతకు ముందు అదే ఆకారాన్ని మనం ఫియట్ అనేవాళ్లం. రెండే తలుపులు, బానెట్ తెరిస్తే మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం పెట్టె మూతలా లేచే కారు గుర్తుంటే అది స్టాండర్డ్ హెరాల్డ్. అది 60లలో వచ్చింది, సినిమా కూడా ఆ దశాబ్దం నుంచి ఎప్పుడైనా అయ్యుండొచ్చు. పాత కారు ఎంత కొత్త సినిమాలోనైనా కనిపిస్తుంది, కొత్త కారు పాత సినిమాలో కనిపించదు. ఈ ఒక్క లెక్క చాలా పేర్లని కొట్టేస్తుంది.

నంబర్ ప్లేటు కొంచెం గుర్తుంది. పనికొస్తుందా?

పనికొస్తుంది. 1989 జూలైలో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చింది. అంతకు ముందు మూడు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత నంబరు ఉండేవి. ఆంధ్ర బళ్లవి 'ఏ'తో మొదలయ్యేవి. తర్వాత రాష్ట్రం కోడ్, జిల్లా నంబరు వచ్చాయి: అప్పట్లో ఏపీ 9 అంటే హైదరాబాదు, ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 31 అంటే విశాఖ. తెలుగు సినిమాలో ఎం, టీ అక్షరాలతో మొదలయ్యే మద్రాసు బళ్లు కనిపిస్తే కంగారు పడకండి. మన పరిశ్రమ చాలాకాలం అక్కడే ఉంది, కథ విజయవాడలో జరిగినా కారు మాత్రం కోడంబాక్కం నుంచి వచ్చేది. షూటింగుకి ఉత్తుత్తి నంబర్లు తగిలిస్తారు కాబట్టి అంకెల్ని పట్టించుకోకండి, అక్షరాల తీరు మాత్రం చూడండి.

స్టీరింగ్ కుడివైపు ఉంది. అంటే ఇండియన్ సినిమా లేకపోతే బ్రిటిష్ సినిమానే కదా?

నేనూ అలాగే అనుకుని మూడు నెలలు తప్పుదారిలో తిరిగాను. 'కార్వెట్ సమ్మర్' పక్కా అమెరికన్ సినిమా. కానీ అందులో కుర్రాడు తన కార్వెట్‌కి కావాలనే కుడివైపు స్టీరింగ్ పెట్టించుకుంటాడు, పేవ్‌మెంటు మీది అమ్మాయిలకి దగ్గరగా ఉంటుందని! ఇంకో తిరకాసు ఏంటంటే, ఇప్పుడు యూట్యూబులో పాత సినిమాలు ఎక్కించేవాళ్లలో కొందరు కాపీరైటుకి దొరక్కుండా బొమ్మని అద్దంలోలా తిప్పేస్తారు. అప్పుడు స్టీరింగ్ అటుదిటవుతుంది. బోర్డుల మీద అక్షరాలు తిరగబడ్డాయేమో ఒకసారి చూసుకోండి.

ఎర్ర కారు అని బాగా గుర్తు. రంగుని నమ్మొచ్చా?

వద్దు. నేను అడిగినవాళ్లందరికీ పోయిన కారు ఎర్రదే.

అసలు అది కారేనా, బైకా అని ఇప్పుడు డౌటొస్తోంది.

మంచి డౌటే. తండ్రీకొడుకులు ఊరంతా తిరిగి వెతికే సీను గుర్తుంటే మీరు చూసింది 1948 నాటి ఇటాలియన్ సినిమా 'బైసికిల్ థీవ్స్' అయ్యుండొచ్చు, పోయింది సైకిలు. మధ్యతరగతి కుర్రాడు, కొత్త బైకు, రౌడీలతో గొడవ అయితే 2007 తమిళ 'పొల్లాదవన్', లేదా దాన్ని తెలుగులో తీసిన 'కుర్రాడు'. దొంగిలించిన వజ్రాలు బండి దీపంలో దాచారంటే అది 1972 హిందీ 'విక్టోరియా నంబర్ 203', అది గుర్రబ్బండి. ఇలా వాహనం మారిపోవడం మామూలే, పోయిన బాధే బాగా గుర్తుంటుంది.

## వెతుకుతున్నప్పుడు

గూగుల్‌లో ఏమని కొట్టాలి?

"ఓల్డ్ మూవీ స్టోలెన్ కార్" అని కొడితే ఎవరికీ ఏమీ రాదు. మీ కాగితంలో అన్నిటికంటే విచిత్రమైన ముక్క తీసుకోండి. హీరో చేసే పని, ఊరు, పక్కన ఉన్న మనిషి, ఆ విచిత్రం, ఈ నాలుగూ కలిపి రాయండి. "కారు" అన్న మాట లేకపోయినా ఫర్వాలేదు. కారు మోడల్ తెలిస్తే సినిమాల్లో కనిపించిన బళ్లని మోడల్ వారీగా ఫొటోలతో పెట్టిన ఐఎంసీడీబీ అనే వెబ్‌సైటు ఉంది. అందులో ఫొటోలు చూస్తూ పోతే "ఇదే!" అనే క్షణం వస్తుంది. హాలీవుడ్ సినిమాలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మన పాత తెలుగువి తక్కువ.

ఒకే సినిమాకి ఒక్కో దేశంలో ఒక్కో పేరుంటుందని మరవకండి. 'కార్వెట్ సమ్మర్' బ్రిటన్‌లో 'ది హాట్ వన్' పేరుతో వచ్చింది. అలాంటిది గల్ఫ్ నుంచి తెచ్చిన క్యాసెట్ మీది పేరు అమెరికా జాబితాలో కనిపించకపోతే సినిమా లేదని కాదు.

ఇంగ్లీషు సినిమా అని తెలుసు. ఎక్కువమంది వెతికేవి ఏవి?

నా దగ్గరికొచ్చినవాటిలో మొదటిది 'గాన్ ఇన్ సిక్స్టీ సెకండ్స్'. ఇక్కడే పెద్ద గందరగోళం, ఎందుకంటే అవి రెండున్నాయి. నికొలస్ కేజ్, బూడిదరంగు మస్టాంగ్ కారు, కొట్టేయాల్సినవి 50 కార్లు అయితే 2000 సంవత్సరానిది. మొహాలు తెలియనివి, మస్టాంగ్ పసుపు, 48 కార్లు, ఆఖర్న 40 నిమిషాలు ఆగకుండా ఛేజింగ్ అయితే 1974ది. దాన్ని హెచ్.బి. హాలికీ తనే రాసి, తీసి, నటించాడు. షూటింగులో 93 కార్లు తుక్కు చేశారు. రెండింట్లోనూ మస్టాంగ్ ముద్దుపేరు ఎలనోర్, అందుకే కలిసిపోతాయి. నన్నడిగితే పాతదే అసలు సరుకు.

చిన్న కారు, దానికి ప్రాణమున్నట్టు, ఒంటి మీద 53 నంబరు ఉంటే 1968 'ది లవ్ బగ్'. అందులో కారే హీరో ఇంటి ముందుకొచ్చి నిలబడితే దొంగతనం అతని మీద పడుతుంది. మూడు బుల్లి కార్లు మెట్ల మీంచి దిగడం, ఆఖర్న బస్సు లోయ అంచున వేలాడటం 1969 'ది ఇటాలియన్ జాబ్'. ఎడారిలో తెల్ల కారు, వెనక పోలీసులు అయితే 1971 'వానిషింగ్ పాయింట్'. అది దొంగ కారు కానే కాదు, హీరో దాన్ని డెలివరీ ఇవ్వడానికి తీసుకెళ్తుంటాడు. పోలీసులు అంతగా తరిమితే దొంగ కారే అయ్యుంటుందని మనం అనేసుకుంటాం.

ఏఐని అడిగితే టక్కున పేరు చెప్పేసింది. నమ్మొచ్చా?

ఆ పేరుని నిజమైన జాబితాలో చూసేదాకా నమ్మకండి. ఒకసారి నేను పాత తెలుగు సినిమా అడిగితే పేరు, హీరో, సంవత్సరం, ఆఖరికి కారు రంగు కూడా చెప్పింది. అలాంటి సినిమా లేనే లేదు. ఇంగ్లీషు సినిమాలకి చాలాసార్లు సరిగ్గా చెప్తుంది, పాత తెలుగుకి వచ్చేసరికి తడబడుతుంది. ఒక్క పేరు అడక్కుండా పది పేర్లు అడగండి, వాటిని మీరు ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రండి.

కథ గుర్తులేదు గానీ పాట ముక్క గుర్తుంది. దానితో వెతకొచ్చా?

తెలుగు, హిందీ సినిమా అయితే పాటే దగ్గరి దారి. ఫోనుకి కూనిరాగం వినిపిస్తే గూగుల్ పాటలు చూపిస్తుంది, శ్రుతి తప్పినా సర్దుకుంటుంది. కాకపోతే పల్లవి ఒక్కటే పట్టుకుని పరిగెత్తకండి. "చల్తీ కా నామ్ గాడీ" అని కొడితే 1958 హిందీ సినిమా వస్తుంది, అందులో గ్యారేజీ నడిపే అన్నదమ్ములు ఉంటారు. మీరు విన్నది మాత్రం 1989లో వంశీ తీసిన 'చెట్టు కింద ప్లీడర్' పాట కావచ్చు, అది కూడా ఆ మాటలతోనే మొదలవుతుంది.

పాత తెలుగు సినిమానే. ఇంటర్నెట్‌లో ఏమీ లేదు, ఇంకెక్కడ చూడాలి?

తెలుగు వికీపీడియాలో సంవత్సరాల వారీగా సినిమాల జాబితాలు ఉన్నాయి. మీ అంచనా ఏడాదికి అటూ ఇటూ ఐదేళ్లు చదవండి. పేరు చూడగానే లోపల ఏదో కదులుతుంది, గుర్తుపట్టడం గుర్తు తెచ్చుకోవడమంత కష్టం కాదు. ఆ తర్వాత పాటల పుస్తకాలు. హాలు బయట అణాలకి, పైసలకి అమ్మిన ఆ పల్చటి పుస్తకాల్లో కథాసంగ్రహం ఉండేది. "మిగతా కథ వెండితెరపై చూడండి" అని సరిగ్గా కారు పోయే దగ్గరే ఆపేస్తారనుకోండి, అయినా మనకి కావలసింది అంతవరకే. గ్రంథాలయాల్లో 'విజయచిత్ర' లాంటి పాత సినిమా పత్రికలు దొరికితే ప్రకటనలు చూడండి.

## దొరికిందనిపించాక

ఇదే ఆ సినిమా అని ఎలా ఖాయం చేసుకోవాలి?

ముందుగా రాసుకున్న కాగితం తీసి, "ఖాయం" అన్నవాటిలో కనీసం రెండు ఆ సినిమాలో ఉన్నాయో లేదో చూడండి. ఆ రెండూ పోస్టర్ మీదో ట్రైలర్‌లోనో ఉన్నవి కాకూడదు. ఇంకొకటి, మీరు చూసిన రోజుకి ఆ సినిమా మీ దగ్గరికి వచ్చే దారి ఉందా? 1984లో టూరింగ్ టాకీసులో చూశానంటూ 1987 సినిమా తెస్తే ఎంత బాగా కుదిరినా అది కాదు.

పేరు దొరికింది. సినిమా మాత్రం ఎక్కడా లేదు. ఏం చేయాలి?

మన పాత సినిమాలు చాలా పోయాయి. ప్రింట్లు పాడయ్యాయి, కొన్నిటిని వెండి కోసం కరిగించారు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో, అంతకు ముందువి దక్కడం అదృష్టం. పాటలు మిగిలుంటాయి, రేడియో పుణ్యమా అని. పేరు తెలుగులో రెండు మూడు రకాలుగా, ఇంగ్లీషు అక్షరాల్లో ఐదారు రకాలుగా కొట్టి చూడండి. యూట్యూబులో ఎక్కించినవాళ్లు స్పెల్లింగు వాళ్లిష్టం.

దొరికిన సినిమా చూశాను. నాకు బాగా గుర్తున్న సీనే లేదు. తప్పు సినిమానా?

మిగతావన్నీ సరిపోతే తప్పు సినిమా కాకపోవచ్చు. టీవీలో వేసేటప్పుడు కోస్తారు, క్యాసెట్లలో కోస్తారు, హాలువాళ్లు షో టైముకి సరిపోక రీలు ఎగరగొట్టేవాళ్లు కూడా ఉండేవాళ్లు. ముందు సినిమా నిడివి సరిచూడండి. సెన్సార్ వివరాల్లోనో జాబితాల్లోనో ఉన్న నిమిషాలకీ మీరు చూసినదానికీ తేడా ఉంటే ఆ సీను ఆ తేడాలో ఉండొచ్చు. నిడివి సరిపోయిందంటే ఆ సీను వేరే సినిమాది.

ఈ మాట అందరూ ఒప్పుకోరు. మా బాబాయికి 'కార్వెట్ సమ్మర్' లాప్‌టాపులో పెట్టి మొత్తం చూపించాను. కారు నుజ్జవకుండానే సినిమా అయిపోయింది. పేర్లు పడుతున్నాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఒరేయ్, ఆఖరి రీలు ఎక్కించలేదురా వీళ్లు" అన్నాడు.